పక్కపక్క నగరాల మధ్య బీఆర్‌టీఎస్: పథకం ఎలా వేసుకోవాలి

రెండు పొరుగు నగరాలను ప్రత్యేక లేన్‌లో వేగంగా నడిచే బస్సుల వ్యవస్థ, అంటే బీఆర్‌టీఎస్‌తో కలపాలనుకోగానే అందరి చూపూ మధ్యలో ఉన్న హైవే మీద పడుతుంది. అక్కడ వెడల్పుంది, కట్టడాలు కూల్చే పని లేదు, మ్యాపు మీద గీత తిన్నగా వస్తుంది. కానీ ప్రయాణికుడి కాలం కరిగిపోయేది ఆ హైవే మీద కాదు. రెండు ఊళ్లలోనూ బస్టాండు నుంచి శివారు దాకా ఉన్న ఆ మూడు నాలుగు కిలోమీటర్లలోనే.

లెక్క వేసి చూడండి. కారిడార్ మొత్తం 24 కిలోమీటర్లు అనుకుందాం. రెండు వైపులా నగరం లోపలి భాగం నాలుగేసి కిలోమీటర్లు, మధ్యలో 16. నగరం లోపల బస్సు వేగం ఆగుళ్లతో కలిపి గంటకు 12 కిలోమీటర్లు ఉంటే ఒక్కో కొసకు 20 నిమిషాలు, రెండూ కలిపి 40. మధ్య భాగం గంటకు 50 చొప్పున 19 నిమిషాలు. మొత్తం 59. ఇప్పుడు హైవే మీద మాత్రమే ప్రత్యేక లేన్ వేసి వేగాన్ని 60కి పెంచారనుకోండి, మిగిలేది 3 నిమిషాలు. అదే లేన్‌ను రెండు కొసల్లో వేసి 12ను 22కి తెస్తే 18 నిమిషాలు మిగులుతాయి, ప్రయాణం 41 నిమిషాల్లో ముగుస్తుంది. డబ్బు, భూమి, రాజకీయ బలం ఏది కొద్దిగానే ఉన్నా సరే, ముందు ఖర్చు పెట్టాల్సింది ఆ ఎనిమిది కిలోమీటర్ల మీద. హైవే భాగం తర్వాతి దశలో చేసుకోవచ్చు.

ముందు బస్సెక్కి టైము రాయండి

పై అంకెలు ఉదాహరణ కోసమే. మీ కారిడార్ అంకెలు మీరే పుట్టించుకోవాలి, దానికి స్టాప్‌వాచీ, ఒక ఫారం చాలు. ఇప్పుడు ఆ దారిలో నడుస్తున్న బస్సులో ముందు సీట్లో కూర్చోండి. బస్సు ఆగిన ప్రతిసారీ రెండు అంకెలు రాయాలి: చక్రం ఆగిన క్షణం, మళ్లీ కదిలిన క్షణం. పక్కన కారణం: స్టాపు, సిగ్నల్, ట్రాఫిక్, రైల్వే గేటు, ఇంకేదైనా. స్టాపుల్లో అయితే మూడో అంకె కూడా కావాలి, తలుపు దగ్గర ఎక్కడం దిగడం అయిపోయిన క్షణం. దాని తర్వాత కూడా బస్సు కదలకపోతే ఆ సెకన్లు టికెట్ కోసమో, ఇంకా జనం వస్తారని ఎదురుచూపుకో పోయినట్టు. ఉదయం రద్దీలో పది ట్రిప్పులు, సాయంత్రం రద్దీలో పది, మధ్యాహ్నం ఐదు, రెండు దిశల్లోనూ. ఈ పని వారంలో అయిపోతుంది. ఏ జంక్షన్‌ను బాగుచేస్తే ఎన్ని నిమిషాలు మిగులుతాయో ఈ కాగితాల నుంచే తెలుస్తుంది.

ప్రయాణికుల లెక్కకు మూడు సర్వేలు తప్పవు. మొదటిది రోడ్డు పక్కన నిలబడి, వెళ్లే ప్రతి బస్సులో జనం ఎంత ఉన్నారో అంచనా వేయడం: సీట్లు సగం, సీట్లు నిండా, కొందరు నిలబడి, నిండా నిలబడి, ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ అని ఐదు మెట్లు పెట్టుకుని, పావుగంటకో వరుస చొప్పున రాయాలి. దీన్ని కనీసం మూడు చోట్ల చేయండి, రెండు నగరాల అంచుల్లో, సరిగ్గా మధ్యలో. షేర్ ఆటోలు, కంపెనీ బస్సులు, కాలేజీ బస్సులు కూడా లెక్కలో ఉండాలి. రెండోది బస్సు లోపల ఏ స్టాపులో ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు అన్నది, తలుపుకొక మనిషి. మూడోది ప్రయాణికుణ్ణి ఎక్కడి నుంచి ఎక్కడికి, ఇంటి నుంచి స్టాపు దాకా ఎలా వచ్చారు అని అడగడం.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు, రోజు మొత్తం అంకెను గంటలతో భాగించడం. బస్సులు, స్టేషన్లు కట్టాల్సింది రద్దీ గంటకు, అది కూడా ఒక్క దిశలో, అత్యధికంగా నిండే ఒక్క ముక్కకు. నగరాల మధ్య దారుల్లో ఆ ముక్క సాధారణంగా మధ్యలో ఉండదు. ఏదో ఒక ఊరి లోపలే ఉంటుంది, ఎందుకంటే అక్కడ లోకల్ ప్రయాణికులు కూడా కలుస్తారు. అందుకే అన్ని బస్సులూ ఈ కొస నుంచి ఆ కొసకే నడపాలని పట్టుబట్టకండి. నగరం అంచు దాకా వచ్చి వెనక్కి తిరిగే సర్వీసులు కూడా కావాలి. వాటికి తిరిగే చోటు ఇప్పుడే డ్రాయింగులో పెట్టుకోండి. 12 మీటర్ల బస్సు ఒక్క ఊపులో తిరగాలంటే 25 మీటర్ల వెడల్పు ఉండాలి. తర్వాత వెతికితే ఆ స్థలం దొరకదు.

రెండు రకాల ప్రయాణికులు, రెండు రకాల బస్సులు

పొరుగు నగరాల దారిలో ఒకే రోడ్డు మీద ఇద్దరు వేర్వేరు మనుషులు ప్రయాణిస్తారు. ఒకరు మూడు కిలోమీటర్లు పోయి దిగిపోతారు, నిలబడినా పట్టించుకోరు. ఇంకొకరు ఈ కొస నుంచి ఆ కొసకు రోజూ వెళ్లొస్తారు. ఆ రెండో మనిషికి సీటు దొరక్కపోతే నెల తిరక్కుండానే బైకు కొనుక్కుంటారు.

రద్దీ గంటలో ఒక దిశలో 3000 మంది ఉన్నారనుకుందాం. అందులో 1800 మంది దగ్గరి ప్రయాణికులు, 1200 మంది కొస నుంచి కొసకు వెళ్లేవారు. 12 మీటర్ల బస్సులో 70 మంది పడతారు, కానీ ఎప్పుడూ నూటికి నూరు నిండుతుందని లెక్క వేస్తే మొదటి గంటే తలకిందులవుతుంది, 85 శాతం అంటే 60 మంది అనుకోండి. ఆర్డినరీకి 1800 బై 60, గంటకు 30 బస్సులు. ఎక్స్‌ప్రెస్‌లో సీట్లు నిండి నలుగురైదుగురు నిలబడే స్థాయికే, అంటే 45 మందికే లెక్క వేయండి, గంటకు 27 బస్సులు. మొత్తం 57.

ఈ 57 బస్సులు ఒకే లేన్‌లో, ఒకే స్టేషన్ ముందు నుంచి పోవాలి. ఆర్డినరీ బస్సు ఆగి ఉంటే వెనక ఎక్స్‌ప్రెస్ కూడా ఆగిపోతుంది, ఇక దాన్ని ఎక్స్‌ప్రెస్ అని పిలవడంలో అర్థం లేదు. కాబట్టి స్టేషన్ల దగ్గర దాటిపోయే లేన్ తప్పనిసరి. కొలంబియా రాజధాని బొగొటాలో 2000లో మొదలైన బీఆర్‌టీఎస్ ట్రాన్స్‌మిలెనియో అంతమందిని మోయగలిగిందంటే దానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి. హుబ్బళ్లి, ధార్వాడల మధ్య సుమారు 22 కిలోమీటర్ల మేర 2018లో నడక మొదలుపెట్టిన చిగరి బస్సుల్లోనూ ఎక్స్‌ప్రెస్, ఆర్డినరీ రెండూ ఒకే కారిడార్‌లో పోతాయి. పొరుగు నగరాల పని మీద ఉన్నవాళ్లు వెళ్లి చూడదగ్గ దారి అది.

దాటిపోయే లేన్‌కు ఎంత వెడల్పు కావాలి? బస్సు లేన్లు ఒక్కొక్కటి 3.5 మీటర్లు, దిశకు రెండు చొప్పున 14 మీటర్లు. మధ్యలో ప్లాట్‌ఫారం 4 మీటర్లు. మిగతా వాహనాలకు అటు రెండు ఇటు రెండు లేన్లు, మరో 14. ఫుట్‌పాత్‌లు రెండున్నర చొప్పున 5. అంతా కలిపి 37 మీటర్లు, స్టేషన్ ఉన్నచోట మాత్రమే. అంత లేనిచోట రెండు దిశల ప్లాట్‌ఫారాలను ఎదురెదురుగా కాకుండా ముందు వెనకగా జరిపితే ఒకే అడ్డంలో ఒక దిశకే దాటిపోయే లేన్ పడుతుంది, మూడున్నర మీటర్లు కలిసొస్తుంది. అదీ కుదరకపోతే ఆ స్టేషన్‌నే రోడ్డు వెడల్పున్న చోటికి రెండు వందల మీటర్లు జరపండి. ఫుట్‌పాత్‌ను కోసి సర్దడం మాత్రం వద్దు. బస్సెక్కే ప్రతి మనిషీ దాని మీదే నడిచి రావాలి.

స్టేషన్ ముందు సెకన్లు

బస్సులు క్యూ కట్టేది దారిలో కాదు, స్టేషన్ ముందు. దీన్ని కొలిచే పద్ధతి తేలిక. ఒక బస్సు స్టేషన్‌లోకి రావడం, ఆగడం, తలుపులు తెరిచి మూయడం, మళ్లీ బయటికి పోవడం, వీటికే 12 సెకన్లు పోతాయి. దానికి ఎక్కే దిగే సమయం కలపండి. ప్లాట్‌ఫారం బస్సు నేలతో సమంగా ఉండి, టికెట్ బయటే కొట్టించుకుని, రెండు వెడల్పైన తలుపులుంటే మనిషికి ఒక సెకను చాలు. పదిమంది మారితే మొత్తం 22 సెకన్లు. గంటకు 60 బస్సులైతే 1320 సెకన్లు, అంటే ఆ బెర్తు (ప్లాట్‌ఫారం పక్కన ఒక బస్సు ఆగే చోటు) గంటలో 37 శాతం సేపు నిండి ఉంటుంది. 40 శాతం లోపల ఉంటే క్యూ పట్టదు.

అదే బస్సుకు మెట్లు ఉండి, లోపల టికెట్ ఇస్తూ ఉంటే మనిషికి మూడు సెకన్లు. పదిమందికి 30, కలిపితే 42 సెకన్లు. అరవై బస్సులకు 2520 సెకన్లు, 70 శాతం. ఇక ప్రత్యేక లేన్ ఎంత బాగున్నా స్టేషన్ వెనక బస్సుల తోక పెరుగుతూనే ఉంటుంది. మనం కోట్లు పోసి కట్టిన లేన్‌ను రెండు మెట్లు తినేస్తాయి. బయట టికెట్, సమానమైన నేల అన్నవి అలంకారాలని ఎవరైనా అంటే ఈ రెండు అంకెలు చూపించండి.

నేల ఎత్తు మొదటి రోజే తేల్చండి. బస్సుల్లో సాధారణంగా 400, 650, 900 మిల్లీమీటర్ల నేలలు దొరుకుతాయి. 900 బస్సు చౌక, కానీ కారిడార్ దాటి మామూలు స్టాపుల్లో ఆగాలంటే మెట్లు కావాలి. కారిడార్ బయట ఊళ్లలోకి కూడా బస్సులు పోవాలన్న ఆలోచన ఉంటే 400 ఎంచుకోవడం మేలు. ఒకసారి ప్లాట్‌ఫారం పోశాక ఎత్తు మార్చడమంటే స్టేషన్‌ను పగలగొట్టడమే.

తలుపు ఏ వైపు అన్నది కూడా అంతే. రోడ్డు మధ్యలో రెండు దిశలకూ కలిపి ఒకే ప్లాట్‌ఫారం పెడితే స్థలం, సిబ్బంది రెండూ తగ్గుతాయి, కానీ తలుపు డ్రైవరు వైపు ఉండాలి. ఊళ్లో మామూలు స్టాపులకూ పోయే బస్సుకు రెండు వైపులా తలుపులు కావాలి, దాంతో సీట్లు తగ్గుతాయి. టర్కీలోని ఇస్తాంబుల్ బీఆర్‌టీఎస్ అయిన మెట్రోబస్‌లో ఉన్న బస్సుల తలుపులు మార్చకుండా, కారిడార్ లోపల బస్సులనే ఎదురు వైపున నడుపుతున్నారు. కంచె గట్టిగా ఉండి, మధ్యలో జంక్షన్లు లేనిచోట మాత్రమే పనికొచ్చే ఉపాయం అది. సిగ్నళ్లున్న రోడ్డు మీద ప్రమాదం.

ప్లాట్‌ఫారానికి, బస్సుకు మధ్య సందు 10 సెంటీమీటర్లు దాటకూడదు. చక్రాల కుర్చీ ముందు చక్రం చిన్నది, అంతకు మించితే సందులో ఇరుక్కుంటుంది. డ్రైవర్ దూరంగా ఆపడానికి కారణం చాలాసార్లు బస్సు గీసుకుపోతే తన జీతంలో కోస్తారన్న భయం. ప్లాట్‌ఫారం అంచుకు గట్టి రబ్బరు పట్టీ వేయండి, టైరు గట్టును తాకినా దెబ్బ తగలకుండా గట్టును వాలుగా పోయండి, డ్రైవర్ కంటి ఎత్తులో ఆగే గుర్తు పెట్టండి. ఆపై శిక్షణ ఇస్తే సందు తగ్గుతుంది. ఇవేమీ చేయకుండా సర్క్యులర్ పంపితే తగ్గదు.

జంక్షన్లు

ప్రత్యేక లేన్ ఉన్నా సిగ్నల్ ఎరుపైతే బస్సూ ఆగాల్సిందే. నాలుగు ఫేజుల సిగ్నల్‌లో చక్రం, అంటే అన్ని వైపులకూ వంతు వచ్చి మళ్లీ మొదటికి రావడానికి పట్టే సమయం, రెండున్నర నిమిషాలుంటే బస్సుకు దొరికే పచ్చ అరనిమిషం. కాబట్టి బస్సు దారిని అడ్డంగా దాటే మలుపులను వీలైనన్ని చోట్ల మూసి, ఆ వాహనాలను పక్క వీధుల మీదుగానో, కాస్త ముందు యూ టర్న్ మీదుగానో పంపండి. ఫేజులు రెండుకు దిగితే అందరికీ పచ్చ పెరుగుతుంది, కార్లవాళ్లకు కూడా. దుకాణాలవాళ్లు అడ్డం చెప్పేది ఇక్కడే. వాళ్ల సరుకు బండ్లు ఏ దారిన రావాలో మ్యాపు గీసి ముందే చూపిస్తే మాట కుదురుతుంది.

స్టేషన్ జంక్షన్‌కు మరీ దగ్గరగా ఉండకూడదు. బస్సు ఆగే చోటుకు, సిగ్నల్ గీతకు మధ్య 40 మీటర్లైనా వదలండి. లేకపోతే ఒక బస్సు సిగ్నల్ కోసం నిలిచి ప్లాట్‌ఫారాన్ని అడ్డుతుంది, వెనక బస్సు ప్లాట్‌ఫారం కోసం నిలిచి జంక్షన్‌ను అడ్డుతుంది. ఢిల్లీలో 2008లో తెరిచిన 5.8 కిలోమీటర్ల కారిడార్‌లో స్టాపులు జంక్షన్ల పక్కనే ఉండటం, సిగ్నల్ చక్రం పొడుగ్గా ఉండటం, ఏ బస్సైనా లేన్‌లోకి రావడం మూడూ కలిశాయి. చివరికి 2016లో దాన్ని తీసేశారు. లేన్ వేసినంత మాత్రాన బీఆర్‌టీఎస్ అయిపోదని అంతకంటే స్పష్టంగా చెప్పే దారి లేదు.

వంతెనలు, రైల్వే పైవంతెనలు వేరే సమస్య. అక్కడ రెండు లేన్లే ఉంటే బస్సుకు విడిగా ఇవ్వలేం. అప్పుడు వంతెనకు ముందే ఒక సిగ్నల్ పెట్టి, మిగతా వాహనాలను దాని దగ్గర ఆపి, బస్సును ముందుగా వదలండి. క్యూ వంతెన మీద కాకుండా వెనక ఉండిపోతుంది, బస్సు దాన్ని పక్కనుంచి దాటేసి వస్తుంది. ఇస్తాంబుల్‌లో 52 కిలోమీటర్ల మెట్రోబస్ కూడా బోస్ఫరస్ వంతెన మీద మిగతా వాహనాలతో కలిసే పోతుంది. నూటికి నూరు పాళ్లు విడి లేన్ దొరకలేదని పథకాన్ని ఆపుకోనక్కర్లేదు.

హైవే భాగంలో అసలు భయం కాలినడకన దాటేవాళ్ల గురించి. మధ్యలో స్టేషన్ అంటే ప్రతి ప్రయాణికుడూ సగం రోడ్డు దాటాలి. పాదచారుల వంతెన కట్టి చేతులు దులుపుకుంటే జనం మెట్లెక్కరు, కంచె సందులోంచి దూరతారు. నేల మీదే సిగ్నల్ ఉన్న దాటుడు పెట్టండి, దాన్ని రోడ్డు కంటే కాస్త ఎత్తుగా పోయండి, వాహనాల వేగం అక్కడికి వచ్చేసరికి 30కి దిగేలా ముందునుంచే రోడ్డును ఇరుకు చేయండి. బస్సులకు కూడా స్టేషన్ పక్కన దాటిపోయేటప్పుడు వేగ పరిమితి ఉండాలి. ఖాళీగా కనిపించే లేన్‌లోకి జనం చూడకుండా అడుగు వేస్తారు, ఎక్స్‌ప్రెస్ వస్తుందని ఊహించరు.

లేన్ నేల

బస్సులన్నీ ఒకే గాడిలో పోతాయి, ఒకే చోట బ్రేకు వేస్తాయి. అక్కడ తారు వేస్తే ఎండకు మెత్తబడి ముందుకు జరిగి అలలు కడుతుంది, దాంతో బస్సు నేలకు ప్లాట్‌ఫారానికి ఎత్తు తేడా వస్తుంది. స్టేషన్లు, సిగ్నళ్ల దగ్గర కాంక్రీటే వేయాలి. కాంక్రీటు అయినా కింది పొర సరిగ్గా లేకపోతే పలకలు పగులుతాయి. బొగొటాలో కరాకస్ అవెన్యూ మీద తెరిచిన కొద్ది కాలానికే పలకలు విరిగి మళ్లీ మళ్లీ మార్చాల్సి వచ్చింది. నీటి పైపులు, మురుగు కాలువలు, కేబుళ్లు బస్సు లేన్ కింద ఉంటే ముందే పక్కకు మార్చండి, లేకపోతే ప్రతి లీకేజీకీ కారిడార్ ఆగుతుంది. వాన నీరు ఎటు పోతుందో కూడా చూసుకోండి. రెండు వైపులా గట్లు కట్టిన లేన్ చిన్న వానకే కాలువ అవుతుంది.

బస్సులు ఎన్ని

వెళ్లి వచ్చే మొత్తం సమయాన్ని రెండు బస్సుల మధ్య ఎడంతో భాగిస్తే బస్సుల సంఖ్య వస్తుంది. ఆర్డినరీకి 41 నిమిషాల ప్రయాణం, కొసల్లో ఎనిమిదేసి నిమిషాల విరామం, మొత్తం 98 నిమిషాలు. రెండు నిమిషాలకో బస్సు కావాలి కాబట్టి 49 బస్సులు. ఎక్స్‌ప్రెస్ 35 నిమిషాల్లో పోతే 86 నిమిషాలకు, గంటకు 27 చొప్పున 39. మొత్తం 88, పదో వంతు రిజర్వుతో 97. అదే నగరాల లోపల లేన్ వేయకుండా ఆర్డినరీ 59 నిమిషాలే తీసుకుంటే ఆ ఒక్క సర్వీసుకే 67 కావాలి. 18 బస్సులు, వాటి డ్రైవర్లు, డీజిలు, డిపో స్థలం అన్నీ ఏటా ఆ ఇరుకు రోడ్డుకు కట్టే జరిమానా. లేన్‌కు భూమి ఖరీదనే వాదన వచ్చినప్పుడు ఈ లెక్క బల్ల మీద ఉండాలి.

కరెంటు బస్సులు తీసుకుంటే ఇంకో లెక్క చూసుకోవాలి. 16 గంటలు నడిచే ఆర్డినరీ బస్సు తొమ్మిది రౌండ్లు తిరిగితే 432 కిలోమీటర్లు. ఒక్క ఛార్జింగ్‌తో అంత పోయే బస్సులు అరుదు. కాబట్టి మధ్యాహ్నం రద్దీ తగ్గాక వంతులవారీగా ఛార్జింగ్‌కు పంపేలా షెడ్యూలు రాయండి, రెండు కొసల్లోనూ డిపోలు, ఛార్జర్లు పెట్టండి. ఒకే కొసలో డిపో ఉంటే తెల్లవారి మొదటి బస్సు అవతలి ఊరి నుంచి బయల్దేరాలంటే 24 కిలోమీటర్లు ఖాళీగా పోవాలి.

రెండు నగరాలు, ఒక సంతకం

డ్రాయింగుల కంటే ముందు కావాల్సింది ఒప్పందం. రెండు కార్పొరేషన్లు, హైవే శాఖ, ఇద్దరు పోలీసు అధికారులు, ఇప్పుడు బస్సులు నడుపుతున్న సంస్థ, వీళ్లలో ఎవరైనా ఒకరు లేన్‌ను తవ్వగలిగితే కారిడార్ ఎవరిదీ కానట్టే. అందుకే ఒకే ప్రత్యేక సంస్థ పెట్టి, లేన్, స్టేషన్లు, సిగ్నళ్ల టైమింగు, కంట్రోల్ రూము దాని చేతిలో ఉంచండి. ఒప్పందంలో రాసుకోవాల్సినవి: ఏ ఊరి భాగానికి ఎవరు ఖర్చు భరిస్తారు, నష్టం వస్తే ఏ నిష్పత్తిలో పూడుస్తారు, లేన్‌లోకి వచ్చిన బండిని రాత్రి పదింటికి కూడా ఎవరు తొలగిస్తారు. నష్టాన్ని పంచుకోవడానికి ఎక్కిన జనం లెక్క కంటే ఆ ఊరి హద్దులో బస్సులు తిరిగిన కిలోమీటర్లు మేలు, తగాదా రాదు. బస్సులు నడిపేవారికి కూడా కిలోమీటర్ల చొప్పునే చెల్లించండి. టికెట్ల మీద చెల్లిస్తే డ్రైవర్లు జనం కోసం స్టేషన్‌లో ఆగిపోతారు.

పాత బస్సులను ఏం చేయాలన్నది వదిలేయకండి. అదే రోడ్డు మీద పక్క లేన్‌లో పాత సర్వీసు, షేర్ ఆటోలు అలాగే నడిస్తే సగం జనం వాటిలోనే పోతారు. వాటిని స్టేషన్లకు జనాన్ని చేర్చే పక్క దారుల్లోకి మార్చండి, ఒకే టికెట్ రెండింటికీ చెల్లాలి. మారడానికి గడువు ఇవ్వండి, మార్గాలు వాళ్లతో కూర్చునే గీయండి, వాళ్ల బతుకుతెరువు అది.

జనాన్ని ఎక్కించే ముందు రెండు నెలలైనా ఖాళీ బస్సులు పూర్తి షెడ్యూలుతో తిప్పండి. బైకులు లేన్‌లోకి దూరే సందులు, డ్రైవర్‌కు సిగ్నల్ కనపడకుండా అడ్డొచ్చే బోర్డులు, ప్లాట్‌ఫారం తలుపులు బస్సు తలుపులతో కుదరని చోట్లు అప్పుడే బయటపడతాయి. అంబులెన్సు, ఫైరింజన్లకు లేన్ తెరిచి ఉంచండి, ఇంకెవరికీ వద్దు. తెరిచిన మొదటి నెలలో రోజూ సాయంత్రం కంట్రోల్ రూములో ఆ రోజు జీపీఎస్ రికార్డు తీసి, రెండు బస్సులు ఒకదాని వెనకొకటి అంటుకుని వచ్చిన ప్రతి చోటునూ గుర్తు పెట్టండి. అవి దాదాపు ప్రతిరోజూ అవే రెండు మూడు స్టేషన్లుగా తేలతాయి. అక్కడ ముందొచ్చిన బస్సును అరనిమిషం ఆపే అధికారం స్టేషన్ సిబ్బందికి ఇచ్చి, మూడో వారానికి టైంటేబుల్ తిరగరాయండి.